పన్నెండు గంటల కాయితం

అల్లూరు చుట్టుపక్కల రొయ్యల గుంటల వాళ్ళందరికీ స్వర్ణ గొంతు తెలుసు. మనిషిని చూసినవాళ్ళు మాత్రం పదిమంది కూడా ఉండరు. అర్ధరాత్రి దాటాక ఏ గుంటలోనైనా ఆక్సిజన్ తగ్గిందంటే, నెల్లూరు ఆఫీసులో ఉన్న సర్వరు ఆ గుంట కాపలా మనిషికి తనంతట తనే ఫోన్ చేస్తుంది. ఎత్తగానే స్వర్ణ గొంతు పలుకుతుంది: "అన్నా, నీ గుంటలో గాలి తగ్గిపోతా ఉండాది. లేసి అన్ని ఏరేటర్లూ ఎయ్యి." నీళ్ళు చిలికి గాలి కలిపే ఆ యంత్రాలు తిరిగితేనే రొయ్యలు బతుకుతాయి. మొదట్లో మేనేజరు రాజ్ కుమార్ టీవీలో వార్తలు చదివే గొంతు లాంటిది పెట్టిద్దామన్నాడు. ఆ గొంతుకు మావాళ్ళు లేవరు సార్, ఇంకో పక్కకు తిరిగి పడుకుంటారు అని ఈమే రికార్డు చేసింది. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. గాలి హోరులో పడవ మీద ఉన్నవాళ్ళకు వినపడేట్టు కేక పెట్టడం వాళ్ళమ్మ కామమ్మ దగ్గర నేర్చుకుంది.

ఆ ఫోన్లు చేసే ప్రోగ్రాము రాసింది కూడా ఆమే. ఆరేళ్ళలో ఒక్క రాత్రి కూడా అది పని ఎగ్గొట్టలేదు. ఎగ్గొట్టిన రాత్రి ఏదంటే, రాజ్ కుమార్‌కు భద్రత మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చిన గురువారం రాత్రి.

ప్రేమకు కారణం లేకపోలేదు. విదేశాలకు రొయ్యలు పంపే పెద్ద కంపెనీ ఒకటి వీళ్ళతో ఒప్పందం చేసుకోబోతోంది. ముందుగా వాళ్ళ తరఫున మద్రాసు నుంచి ఇద్దరు ఆడిటర్లు సోమవారం వచ్చి కంప్యూటర్లన్నీ తనిఖీ చేస్తారు. బయటి ఫోన్ లైన్లతో మాట్లాడే ప్రోగ్రాము సర్వరులో స్వేచ్ఛగా తిరుగుతోందంటే వాళ్ళు మొహం చిట్లిస్తారట.

"దాన్ని జైల్లో పెట్టెయ్ స్వర్ణా," అన్నాడు రాజ్ కుమార్.

జైలంటే నిజం జైలు కాదు. సర్వరులోని ఫైళ్ళన్నీ కలిపి ఒక పెద్ద ఇల్లు అనుకుంటే, దానికి తలవాకిలి ఒకటే. దాన్ని రూట్ అంటారు. ఏ ప్రోగ్రాము ఏ వస్తువు వెతుక్కోవాలన్నా ఆ వాకిట్లోంచే నడక మొదలుపెట్టాలి. ఆ రూట్‌ను మార్చేయవచ్చు. ఇంట్లో ఒక మూల గదిని చూపించి, ఇదే నీ రూట్, లోకమంతా ఇంతే అని ప్రోగ్రాముతో చెప్పేస్తే, ఇక దానికి ఆ గదే ఇల్లు. బయట నడవ ఉందనీ వంటిల్లు ఉందనీ దానికి తెలియదు, తెలుసుకునే దారీ ఉండదు. దొంగ ఎవడైనా ఆ ప్రోగ్రాములోంచి దూరినా ఆ నాలుగు గోడల మధ్యే తిరుగుతుంటాడు. తెలివైన ఏర్పాటే, కాదనడానికి లేదు. కాకపోతే లోపలున్నదానికి ఏమేం కావాలో బయటున్నవాళ్ళే గుర్తుపెట్టుకుని అందించాలి.

స్వర్ణ గురువారం మధ్యాహ్నం నుంచి అదే పని మీద కూర్చుంది. గదిలో పెట్టి ప్రోగ్రామును నడిపిస్తే ఫలానా ఫైలు లేదని ఆగిపోతుంది. ఆ ఫైలు తెచ్చి గదిలో పెడుతుంది. ఇంకొకటి లేదంటుంది. అదీ తెచ్చి పెడుతుంది. రైతుల నంబర్లు పెట్టింది, తన గొంతు రికార్డు పెట్టింది, ఫోన్ లైను చిరునామా పెట్టింది. సాయంత్రానికి ప్రోగ్రాము ఇక ఏమీ అడగలేదు. ఈమె ఇంకేమీ ఇవ్వలేదు. తన నంబరుకు పరీక్ష కాల్ పెట్టి చూస్తే ఫోన్ మోగింది, తన గొంతే తనను లేవమని కేక పెట్టింది.

"ఒక్క రాత్రి పాతదాన్ని కూడా పక్కన నడవనిద్దాం సార్. పొద్దున రెండూ పోల్చుకుని చూసి తీసేస్తా," అంది.

"రెండూ నడిస్తే ఒక్కో రైతుకు రెండేసి ఫోన్లు పోతాయి. పొద్దున్నే తిట్లు తినేది నేను. నీ పని మీద నీకే నమ్మకం లేకపోతే ఎట్లా?"

ఆ చివరి మాట ఆమెకు గుచ్చుకుంది. పౌరుషానికి పోయి పాతదాన్ని ఆపేసి ఇంటికెళ్ళింది. ఆ పౌరుషాన్ని తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు చెంపలు వాయించుకున్నా లాభం లేకపోయింది.

శుక్రవారం పదిగంటలకు హజరత్తయ్య వచ్చాడు. అల్లూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊళ్ళో రొయ్యల రైతు, యాభై దాటిన మనిషి. వాళ్ళమ్మ దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. తమ్ముడికేమో పెంచలకోన స్వామి పేరు పెట్టుకుని పెంచల్ అన్నారు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఒకే గుంట సాకుతున్నారు. పగలు అన్న, రాత్రి తమ్ముడు. ఆ గుంటలో ఆక్సిజన్ కొలిచే ప్రోబు దింపింది స్వర్ణే. రెండేళ్ళ కిందట ఒక రోజంతా కట్ట మీద కూర్చుని పెంచల్‌కు అన్నీ నేర్పించింది. తనకన్నా మూణ్ణాలుగేళ్ళు చిన్నవాడు, అక్కా అక్కా అంటూ వెంట తిరిగాడు. నీ గొంతు వింటే చచ్చినోడు కూడా లేస్తాడక్కా అని నవ్వాడు.

హజరత్తయ్య చేతిలో ప్లాస్టిక్ బకెట్ ఉంది. దాన్ని తెచ్చి రాజ్ కుమార్ టేబులు ముందు గచ్చు మీద పెట్టాడు. నిండా చచ్చిన రొయ్యలు. ఏసీ గదంతా కంపు కమ్ముకుంది.

"మీ ఫోను మోగలేదు సార్," అన్నాడు. "మూడు నెల్లు సాకినాం. ఇంకో పది రోజులుంటే పట్టుబడి, రొయ్యలు పట్టి అమ్ముకునేవాళ్ళం. రెండు దినాలుగా మబ్బు పట్టింది, నీళ్ళలో గాలి తగ్గతాదని సగం ఏరేటర్లు ఏసే పెట్టినాడు మా తమ్ముడు. నాలుగూముక్కాలప్పుడు టార్చి కొట్టి చూస్తే రొయ్యలు కట్టకాడికొచ్చి మూతులు పైకెత్తి ఉండాయంట. అన్నీ ఏసినాడు. ఒకటి తిరగలేదని మొలలో ఫోనుతోనే నీళ్ళలోకి దూకినాడు. ఫోను నాని చచ్చింది. తెల్లారేతలికి మొత్తం తేలిపోయినాయి. నీళ్ళలోకి దూకిందాకా ఫోను మోగనే లేదంటాడు. మా తమ్ముడు అబద్దం చెప్పే మనిషి కాదు."

రాజ్ కుమార్ ముక్కు మూసుకుని, లాగ్ తియ్యమని స్వర్ణకు సైగ చేశాడు. ఏ గుంటకు ఎప్పుడు ఫోన్ చేసిందీ ప్రోగ్రామే ఎప్పటికప్పుడు రాసుకుంటుంది. ఆ గుంట తాలూకు వరసలు మూడు బయటికి వచ్చాయి. శుక్రవారం, అర్ధరాత్రి పన్నెండు గంటలు, జవాబు లేదు. పన్నెండూ అయిదు, జవాబు లేదు. పన్నెండూ పది, జవాబు లేదు.

చూడగానే స్వర్ణకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. నిజం చెప్పుకోవాలంటే ఆమెకు ఆ క్షణాన పెంచల్ గుర్తుకు రాలేదు. తన ప్రోగ్రాము పని చేసింది, అంతే. రాజ్ కుమార్ చెప్పినట్టు ఆ మూడు వరసలూ కాయితం మీదికి తీసి, సంతకం పెట్టి, ఆఫీసు ముద్ర కొట్టి ఇచ్చింది. హజరత్తయ్య దాన్ని పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు. మొహం నల్లబడింది.

"పన్నెండుకా?" అన్నాడు. "మూడు సార్లా?"

"మా వాళ్ళు మూడు సార్లు లేపారు. మీ వాళ్ళు లేవలేదు. మేమేం చేస్తాం చెప్పండి," అన్నాడు రాజ్ కుమార్.

హజరత్తయ్య కాయితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బకెట్ మరిచిపోయాడో, కావాలనే వదిలిపెట్టాడో తెలియదు. స్వర్ణే దాన్ని తీసుకెళ్ళి వెనక పారబోసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రైతుల ఫోన్లు ఎత్తే సాయిలక్ష్మి విసుక్కుంటూ వచ్చింది.

"ఏంది స్వర్ణక్కా, ఈ పొద్దు అందరూ నన్ను తిట్టేవాళ్ళే! ఎనిమిదప్పుడు ప్రోబు విప్పి కడగతా ఉంటే మీ ఫోనొస్తదేందని ఒకడు, తొమ్మిదప్పుడు వొచ్చిందని ఇంకొకడు. పగలు ఫోన్లు రావు గదా మనకు?"

రావు. రాకూడదు. పగలు ప్రోబులు విప్పి కడుగుతారు, విప్పితే సున్నా చూపిస్తాయి, ఊరికే ఫోన్లు మోగుతాయి. అందుకే అర్ధరాత్రి పన్నెండు నుంచి ఉదయం ఆరు దాకా మాత్రమే ఫోన్ చెయ్యమని స్వర్ణ ఆ ప్రోగ్రాముకు ఆరేళ్ళ కిందటే చెప్పి పెట్టింది. నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా లేచి సర్వరు దగ్గరికి పోయింది.

హజరత్తయ్య గుంట ఆక్సిజన్ లెక్కలు వేరే ప్రోగ్రాము రాస్తుంది. దాన్ని జైల్లో పెట్టలేదు. అర్ధరాత్రి పన్నెండుకు ఆ గుంటలో ఆక్సిజన్ నిక్షేపంగా ఉంది. తగ్గడం మొదలైంది మూడున్నరకు. ప్రమాదపు గీత దాటింది నాలుగూ పదికి. నాలుగూ పదికి జరిగినదానికి పన్నెండు గంటలకే ఎట్లా ఫోన్ చేస్తుంది?

మూడు నిమిషాల్లో తెలిసిపోయింది. సర్వరు ఏ దేశంలో ఉందో, అక్కడి టైము ఏమిటో చెప్పే చిన్న ఫైలు ఒకటుంటుంది. ఆ ఒక్కటే గదిలో లేదు. మిగతావి లేకపోతే ప్రోగ్రాము గొడవ చేసింది. ఇది లేకపోతే కిక్కురుమనలేదు. మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే గ్రీనిచ్ టైమే తన టైమనుకుని బుద్ధిగా పని చేసుకుంది. మన నాలుగూ పది దానికి ముందురోజు రాత్రి పదీ నలభై. ఫోన్ చేసే వేళ కాలేదని ఊరుకుంది. మనకు తెల్లవారి అయిదున్నర అయినప్పుడు దానికి పన్నెండు కొట్టింది. అప్పుడు నిద్ర లేచి మూడు సార్లు ఫోన్ చేసింది, గుంటలో నాని చచ్చిన ఫోనుకు. పన్నెండని రాసుకుంది. దాని గదిలో అది పన్నెండే. అది అబద్ధం ఆడలేదు. దాని మాట తెచ్చి బయట సంతకం పెట్టింది స్వర్ణ.

పెంచల్ మేలుకునే ఉన్నాడు. అతను చెప్పిన ప్రతి మాటా నిజమే.

టైము ఫైలు గదిలో పెట్టడానికి అర నిమిషం కూడా పట్టలేదు. తర్వాత రాజ్ కుమార్ దగ్గరికి పోయి అంతా చెప్పింది. అతను విన్నాడు, లేచి తలుపు మూశాడు.

"సరి చేశావా?"

"చేశాను సార్. హజరత్తయ్యన్నకు ఫోన్ చేసి చెప్తాను."

"ఎవరికీ చెప్పవు. సోమవారం ఆడిట్. నిన్ననే కట్టిన గదివల్ల గుంట పోయిందని తెలిస్తే మన కంపెనీ ఉండదు, నువ్వూ ఉండవు. వాళ్ళ గుంట ఎట్లాగూ పోయింది. నువ్వు ఇప్పుడు చెప్తే ఆ రొయ్యలు బతికొస్తాయా? సోమవారం కానీ. తర్వాత మనమే పోయి చెబుదాం. రెండు రోజుల్లో ఏం కొంప మునుగుతుంది?"

తప్పు తనది, ఉద్యోగం తనది, భయం తనది. ఆ మూడింటి మధ్య రాజ్ కుమార్ మాట స్వర్ణకు ఎంతో న్యాయంగా తోచింది. రెండు రోజులే కదా అనుకుంది. ఇంటికి పోయి అన్నం తినలేక, అడిగినవాళ్ళకు తలనొప్పి అని చెప్పి పడుకుంది.

సోమవారం ఆడిటర్లు వచ్చారు. జైలు గది చూసి ముచ్చటపడ్డారు. ఎవరు కట్టారని అడిగితే రాజ్ కుమార్ స్వర్ణను ముందుకు తోశాడు. ఇద్దరూ ఆమెకు షేక్ హ్యాండ్ ఇచ్చారు. వాళ్ళ కారు గేటు దాటాక, ఇక పోదామా సార్ అని అడిగింది.

"ఎక్కడికి?" అన్నాడు రాజ్ కుమార్, నిజంగానే గుర్తులేనట్టు. తర్వాత, "చల్లారిపోయినదాన్ని ఇప్పుడెందుకు కెలకడం? ఒప్పందం మీద సంతకాలు కానీ," అన్నాడు.

ఆ రాత్రే ఆమె ఆక్సిజన్ లెక్కలు, సరిచేసిన టైములు ఒక కాయితం మీదికి తీసింది. అర్ధరాత్రి ఫోను పోలేదు, తెల్లవారి అయిదున్నరకు పోయింది, తప్పు మాది, కాపలా మనిషిది కాదు అని కింద తెలుగులో రాసింది. సంతకం పెట్టి ముద్ర కొట్టింది. మంగళవారం సెలవు చీటీ కూడా ఇవ్వకుండా అల్లూరు బస్సెక్కింది.

గుంట ఎండగట్టి ఉంది. అడుగు బురద మీద బ్లీచింగ్ చల్లారు. కట్ట మీద గుడిసెలో హజరత్తయ్య భార్య ఇందిరమ్మ ఒక్కతే కూర్చుని మేత సంచులు దులుపుతోంది. ఎవరమ్మా నువ్వు అని అడిగింది. స్వర్ణ "నేనక్కా, ఆఫీసు నుంచి" అనగానే గొంతు గుర్తుపట్టింది. కూర్చోమనలేదు.

"పెంచల్ లేడా అక్కా?"

"ముత్తుకూరు పోయినాడు పెళ్ళాన్ని ఎంటేసుకోని. కరెంటు ఫ్యాక్టరీ బూడిద లారీల కాడ పని దొరికిందంట." ఇందిరమ్మ సంచి పక్కన పడేసింది. "ఆదివారం పొద్దున పోలేరమ్మ గుడి ముందర కర్పూరం ఎలిగించినారు. నిద్ర పోలేదు, ఫోను మోగలేదు అని చెప్పి చేత్తో ఆర్పరా, ఇంతటితో సరి, నీ మాటే మా మాట అన్నాడు మా ఆయన. చెయ్యి జాపినాడు. మళ్ళా ఎనక్కు తీసుకున్నాడు."

"ఎందుకు?"

"పన్నెండప్పుడు అన్నం తిని రవ్వంతసేపు నడుం వాల్చినాడంట. నాకు మేలుకొనున్నట్టే ఉండాది వదినా, కానీ కాయితంలో మూడు తూర్లు మోగినట్టుండాది గదా, కన్ను మూసినానో ఏమో, అమ్మ ముందర నేను ఒట్టు ఎయ్యలేను అన్నాడు. ఊరంతా చూస్తా ఉండాది. ఇంకేం మిగిలింది?"

అబద్ధాలకోరు అయితే చిటికెలో ఆర్పేసి అన్నం తినడానికి ఇంటికి పోయేవాడు. నిజమంటే భయభక్తులు ఉన్నవాడు కనుక పెంచల్ చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. దానికి ఊరు పెట్టిన పేరు నిద్రమొగం. స్వర్ణ ఏడుపు ఆపుకోలేకపోయింది. ఇందిరమ్మ ఊరడించలేదు.

అంతలో హజరత్తయ్య కట్ట మీద నడుచుకుంటూ వచ్చాడు. స్వర్ణ కాయితం చేతికిచ్చి, గది సంగతి, టైము సంగతి మొదటినుంచీ చెప్పింది. తప్పు నాదన్నా అని మూడుసార్లు అంది. అతను కాయితం చదివాడు. శుక్రవారం నాటి కాయితం ఇంకా జేబులోనే ఉంది. దాన్ని తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"అయితే వాడు నిద్రపోలా," అన్నాడు.

"పోలేదన్నా."

"నీకు ఎప్పుడు తెలిసిందమ్మా?"

"శుక్రవారం. మద్దేనం."

హజరత్తయ్య కేకలు వేస్తాడనుకుంది. కొడతాడేమో అనుకుంది, కొట్టినా బాగుండేదనుకుంది. అతను రెండు కాయితాలూ జాగ్రత్తగా మడిచాడు.

"కర్పూరం ఎలిగించింది ఆదివారం గదా," అన్నాడు.

ఇందిరమ్మ తన ఫోన్ తీసి మరిది నంబరు నొక్కి స్వర్ణ చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు. మా నోటితో చెప్పే మొగం మాకు లేదు."

అవతల లారీల మోత. స్వర్ణ వీలైనంత విడమరిచి చెప్పింది. ఫోను నీకు అర్ధరాత్రి రానే లేదు పెంచల్, నువ్వు మేలుకునే ఉన్నావు, కాయితం రాసి తెచ్చాను, మీ అన్న చదివాడు, ఇంటికి రా అంది. పెంచల్ అడ్డు రాకుండా విన్నాడు.

"నువ్వు మంచిదానివక్కా," అన్నాడు చివరికి. "నామీద జాలి పడి ఇంత దూరం వొచ్చినావు."

"జాలి కాదు పెంచల్, నిజం. నా సంతకం ఉంది దాని మీద."

"ముందరి కాయితం మీద కూడా నీ సంతకమే గదక్కా."

లారీల మోతలో వినపడేందుకు స్వర్ణ ఫోన్ చెవికి అదుముకుంది.

"ఆ రాత్రి నేను ఎన్ని తూర్లు తల్చుకున్నానో నీకు తెలీదు," అన్నాడు పెంచల్. "మొదట్లో మేలుకొనుండానే అనుకున్నా. మా అన్న ఆ కాయితం చదివినాక, కన్ను మూసింటానేమో అనుకున్నా. గుడికాడ నిలబడ్డప్పుడు ఇంక ఖాయంగా మూసినానని తెలిసిపోయింది. ఇప్పుడు నాకు గుర్తుకొస్తా ఉండాదక్కా, నిద్రలో ఫోను మోగింది. మూడు తూర్లు. నీ గొంతు కూడా ఇనపడింది."

"రాలేదు పెంచల్. నేను చెప్తున్నా కదా, రాలేదు."

"లోడు వొచ్చిందక్కా, ఉంటా. వదినను ఏడవొద్దని చెప్పు."

ఫోన్ పెట్టేశాడు. హజరత్తయ్య ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఏమన్నాడమ్మా? వొస్తాడంటనా?"

స్వర్ణ ఫోన్ ఇందిరమ్మకు ఇచ్చేసింది.

"నిద్రపోయినానంటాడన్నా," అంది.